తాళం వేసి వెళ్ళిన రోజు

పోయిన వారం బెంగమ్మను ఇంటి గుమ్మం ముందు వదిలి వచ్చాం. ఒక చేతిలో జెండా కర్ర, ఇంకో చంకలో నిద్రపోతున్న కూతురు చిట్టి. రాజధానిలో ఊరేగింపు ముగించుకుని, అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, ఏదో గెలుచుకొచ్చినంత సంబరంగా బస్సు దిగి వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు లేవు, లోపల మనుషులు లేరు. తోటికోడలి కొడుకు పిడుగు చెయ్యి కాలిందని, ఇంట్లోవాళ్ళంతా ఆసుపత్రిలో ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. వేడినీళ్ళ గిన్నె మీద పడిందట. అత్తగారు పక్కనే ఉండి కూడా చూసుకోలేదట.

ఆ రెండు "అట"లనూ పట్టుకునే బెంగమ్మ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. తప్పు అత్తయ్యది అనుకుంటేనే ఆమెకు కాస్త ఊపిరాడేది.

బెంగమ్మ అన్నది మొగుడు పెట్టిన పేరు. పిల్ల తుమ్మితే జలుబేమోనని బెంగ, తుమ్మకపోతే ముక్కు దిబ్బడేసిందేమోనని బెంగ. వంటింట్లో గిన్నె పడితే పిల్ల పడిందేమోనని పరుగు. తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటక మీద పెట్టించి పెళ్ళి చేసేశారు. పిల్ల పుట్టాక వీధి చివరి పిల్లల సెంటర్‌లో ఆయాగా చేరింది. అక్కడ పెద్దటీచర్ ఒకావిడ ఉంది. రాష్ట్రమంతా తిరిగి, కనపడిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట మాట్లాడే మనిషి: పుట్టిన దగ్గర్నుంచి బడికెళ్ళేదాకా పిల్లల్ని చూసుకునే సెంటర్ ప్రతి వీధిలో ఉండాలి, అమ్మలు పనుల నుంచి వచ్చేదాకా అది తెరిచి ఉండాలి, పాలూ ఆటా డాక్టరూ అన్నీ అక్కడే దొరకాలి. మొదట్లో జనం నవ్వారు. పాలుతాగే పిల్లలకి కూడా పథకాలేనా అన్నారు. తర్వాత నర్సులు కలిశారు, బస్సు డ్రైవర్లు కలిశారు, దుకాణాలవాళ్ళు కలిశారు. చివరికి ఊరేగింపు రోజున రాజధాని వీధులు పట్టనంత మంది వచ్చారు. శాసనసభ కమిటీ దిగొచ్చి, "సరే, మీలో ఒక అమ్మని పంపండి, వింటాం" అంది. ఆ అమ్మగా బెంగమ్మ పేరు రాశారు.

రేపు సోమవారం పొద్దున్నే ఆమె అక్కడ మాట్లాడాలి.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం ఎండ పెరట్లోకి వాలింది. ఇల్లు రెండు వాటాలు, మధ్యలో పలచటి గోడ. ఒకవైపు బెంగమ్మ కాపురం, ఇంకోవైపు తోటికోడలి కాపురం. వెనక పెరడు ఒకటే, కుళాయి ఒకటే, తగువులూ నవ్వులూ అక్కడే. తను పనిచేసే కుట్టు కంపెనీకి సెలవు కాబట్టి తోటికోడలు వారమంతా మాసిన బట్టలు ముందేసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. పిల్లలిద్దరూ వరండాలో ఆడుకుంటున్నారు. ముందు గదిలో అత్తగారు మంచం మీద, ఆపరేషన్ చేసిన కంటికి కట్టుతో.

"గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం" అని మొదలుపెట్టింది బెంగమ్మ, గోడ వైపు తిరిగి.

"గోడకెందుకే నమస్కారం? ఇటు తిరుగు. నాకు ఒక కన్నయినా ఉంది, దానికి అదీ లేదు" అంది అత్తగారు.

ఇదివరకైతే బెంగమ్మ పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు.

"మీరు పడుకోండి అత్తయ్యా. చూసుకోవాల్సినప్పుడు చూసుకుంటే అదే పదివేలు."

ముసలావిడ ఏదో అనబోయింది. నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసేసుకుని దిండు సర్దుకుంది.

బెంగమ్మ మళ్ళీ గోడకేసి తిరిగింది. "మా పిల్లలు బడికి వెళ్ళేనాటికే సగం మనుషులైపోతారండీ. మాటలు, భయాలు, ధైర్యాలు అన్నీ అప్పటికే వాళ్ళలో దిగిపోతాయి. ఆ వయసులో వాళ్ళ పక్కన ఎవరుంటారో..." అక్కడికి వచ్చేసరికి తర్వాతి మాట మర్చిపోయింది. వరండాలోంచి ఏదో చప్పుడు వస్తోంది.

"ఉస్స్స్..."

పిడుగు వరండాలో ముక్కాలి పీటను ముందు పెట్టుకుని నిలబడ్డాడు. మూడేళ్ళవాడు. కుడి చెయ్యి మోచేతిదాకా తెల్లటి కట్టు. పీట మీద చిట్టి గౌను పరిచాడు. ఎడమ చేత్తో దిండు ఎత్తి గౌను మీద పెట్టాడు. కాలు నేల మీద గట్టిగా తొక్కాడు. "ఉస్స్స్." దిండు ఎత్తాడు, గౌను తిరగేశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తొక్కాడు. చిట్టి నాకూ నాకూ అని ఎగబడింది.

"నువ్వు మూటలో కూర్చో" అన్నాడు పిడుగు పెద్దమనిషిలా, దుప్పటి తీసి దాని నెత్తిన కప్పుతూ.

అప్పుడే బెంగమ్మ మొగుడు డిపో నుంచి వచ్చాడు. బస్సులు బాగుచేసే పనిలో వేసుకునే బరువైన బూట్లు, మెట్ల మీద టకటకా మోగాయి. పిడుగు ఒక్క ఉదుటున పీట వదిలేసి బల్ల కిందకి దూరాడు. దూరి, చిట్టిని కాలు పట్టుకుని లోపలికి లాగాడు.

"సార్ వచ్చాడు. మాట్లాడకు. మాట్లాడితే అమ్మని తిడతాడు."

"ఒరే, నేను సార్‌ని ఎప్పుడయ్యాన్రా? మీ పిన్ని నన్ను మనిషిగానే లెక్కెయ్యదు" అని నవ్వుకుంటూ మొగుడు బూట్లు విప్పి, మొహం కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

బెంగమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది.

ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదు. వీధి చివర ఇస్త్రీ బండి ఉంది గానీ అది బొగ్గులది, దాన్ని కాలితో తొక్కే పనే లేదు. కాలితో తొక్కితే ఆవిరి వదిలే పెట్టెలు ఆమె ఒక్కచోటే చూసింది. ఒకసారి తోటికోడలు అన్నం డబ్బా మర్చిపోతే ఇవ్వడానికి కుట్టు కంపెనీకి వెళ్ళింది. కిటికీలోంచి కనపడింది, ఆడవాళ్ళు వరసగా నిలబడి, కాళ్ళతో తొక్కుతూ, పొగమంచులో ఉన్నట్టు. పిల్లలు చూడని పనిని ఆడరు. ఇది పెద్దటీచర్ చెప్పిన మాటే అయినా, రోజూ సెంటర్‌లో తన కళ్ళతో చూస్తున్నదే. తాగొచ్చే తండ్రి ఉన్నవాడు తూలుతూ ఆడతాడు. మందులషాపువాడి కూతురు ఆకులు చీటీలో పొట్లం కడుతుంది.

పెరట్లోకి నడిచింది.

"అక్కా, పిడుగు ఏం ఆడుతున్నాడో చూశావా?"

"ఏం ఆడితే ఏముందిలే, కట్టు తడపకపోతే చాలు" అంది తోటికోడలు తలెత్తకుండా.

"ఇస్త్రీ ఆట. కాలితో తొక్కి, ఉస్సుమని."

తోటికోడలి చేతిలో చొక్కా పిండుతున్నది పిండుతున్నట్టే ఆగిపోయింది. మెలిపెట్టిన గుడ్డలోంచి నీళ్ళు మోచేతులదాకా కారుతున్నాయి.

"ఆ కుళాయి కట్టెయ్యి" అంది చివరికి. "నీళ్ళు వృథా పోతున్నాయి."

బెంగమ్మ కట్టేసింది.

"వాడు ఆ రోజు అత్తయ్య దగ్గర లేడు కదూ?"

"కంటికి కట్టుతో, ఎదురుగా ఉన్న గ్లాసు తడుముకునే మనిషి దగ్గర మూడేళ్ళ పిడుగుని వదిలి ఏ తల్లయినా పనికి పోతుందా? నాకంత మతిపోయిందనుకున్నావా?"

"మరి ఎక్కడ..."

"తెలిసే అడుగుతున్నావుగా." చొక్కాని బకెట్లో పడేసి చేతులు చీరకు తుడుచుకుంది. "ముందురోజు సాయంత్రం ఇదే కుళాయి దగ్గర నిన్నడిగాను. రేపు సెంటర్ ఉండదా చెల్లీ అని. ఏమన్నావు?"

బెంగమ్మ కుళాయి వైపు చూసింది.

"చెప్పవే. ఏమన్నావు?"

"ఒక్కరోజేగా అక్కా, ఎలాగోలా సర్దుకో అన్నాను."

"సర్దుకున్నాను."

ఆ ఒక్క మాట అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది అనిపించింది బెంగమ్మకి. కాసేపటికి తోటికోడలే మళ్ళీ అందుకుంది, నెమ్మదిగా, ఎవరిదో కథ చెప్తున్నట్టు.

"ఆర్డరు వెళ్ళిపోవాల్సిన రోజు. ఆ రోజు రాకపోతే మళ్ళీ రానక్కర్లేదు అన్నారు. ఇంక ఏం చేస్తాను? గుడ్డముక్కల సంచిలో కూర్చోబెట్టాను వాణ్ణి. పైన నాలుగు ముక్కలు కప్పాను. వాడికి ఆటలా ఉంది, కిలకిలా నవ్వుతుంటే నోరు మూసుకోరా అని గిచ్చాను. గేటు దగ్గర ఉండే ఆవిడకి తెలిసిపోయింది. ఆవిడా ముగ్గుర్ని కన్న మనిషే, ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. ఇస్త్రీ సెక్షన్‌లో నా స్నేహితురాలి బల్ల కింద పడుకోబెట్టాం. బంగారంలా పడుకున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు."

"అక్కా..."

"ఉండు, వినాలనుకున్నావుగా. మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఆ వైపు వచ్చాడు. బూట్ల చప్పుడు విని నా స్నేహితురాలు గబుక్కున వాడి మీద మూట తోసింది. చీకటైపోయిందని వాడు బెదిరి, అటువైపు నుంచి బయటికొచ్చి లేవబోయాడు. లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాలిగా. పెట్టె కింది రేకు మీద చెయ్యి పెట్టాడు. దాని కాలు అప్పటికే పెడల్ మీద ఉంది."

వరండాలో చిట్టి ఏదో అరుస్తోంది. ఇద్దరూ అటు చూడలేదు.

"అరవనివ్వలేదే వాణ్ణి" అంది తోటికోడలు. "నోరు గట్టిగా మూసి ఒళ్ళో అదుముకుంది. చెయ్యి కాలిన పిల్లాడు అరవకూడదు చెల్లీ, సార్ అవతలికి పోయేదాకా అరవకూడదు. దాని తప్పు లేదు. అరిస్తే నా పని, దాని పని, గేటావిడ పని, మూడూ పోతాయి. అది ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుని ఏడుస్తోంది."

"నాకు ఫోన్ చెయ్యాల్సింది..."

"చేశాను."

చేసింది. బెంగమ్మకి గుర్తుంది. వేదిక పక్కన నిలబడి ఉంది, తర్వాత తనే మాట్లాడాలి. ఫోన్ మోగింది, అక్క పేరు కనపడింది, పాలగిన్నె ఎక్కడుందనో తాళంచెవి ఎక్కడుందనో అడుగుతుందిలే అనుకుని కట్ చేసేసింది. తర్వాత మైకు అందుకుని, పిల్లల్ని పట్టించుకోని ప్రభుత్వం మీద గొంతు చించుకుంది.

"ఒక్కమాట అడుగుతా" అంది తోటికోడలు. "ఆ రోజు నీ పిల్లని ఎక్కడ పెట్టావు?"

"నా చంకలోనే ఉంది."

"చూశావా. నీ పనికి నీ పిల్లని తీసుకెళ్తే జనం చప్పట్లు కొట్టారు. టీవీలో కూడా చూపించారు, చంకలో పిల్లతో ఎంత బాగా మాట్లాడిందో అని. నా పనికి నా పిల్లాణ్ణి తీసుకెళ్తే సంచిలో దాచాల్సొచ్చింది."

బెంగమ్మ కళ్ళు నిండిపోయాయి. తోటికోడలు వేలు చూపించింది.

"ఏడవకు. నేను తిట్టంది అందుకే. తిడితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే మళ్ళీ నేనే ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు."

వెనక గుమ్మంలో దగ్గు వినపడింది. అత్తగారు గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"అయ్యిందా పంచాయితీ? ఇంట్లో గోడలకి కళ్ళు లేవన్నాను గానీ చెవులు లేవనలేదు."

బెంగమ్మ ఆవిడ ముందు చతికిలపడింది. "ఎందుకత్తయ్యా మీ మీద వేసుకున్నారు? ఈ వీధి వీధంతా మిమ్మల్ని..."

"ఆసుపత్రిలో ఎక్కడ కాలిందని అడిగారే. మీ అక్కేమో నోరు పెగలక నిలబడింది. నేనే అన్నాను, ఇంట్లోనండీ, నా పక్కనే, నేనే చూసుకోలేదని. కంటికి కట్టుంది కదా, చూసినవాళ్ళు ఇట్టే నమ్మేశారు. ఇంకో ప్రశ్న కూడా వెయ్యలేదు." ముసలావిడ కాళ్ళు చాపుకుంది. "నాకేం పోయింది? నన్ను పన్లోంచి తీసేసే మొనగాడెవరు? నా మీద యజమానులు మీరిద్దరేగా. తీసేస్తారా ఏం?" అని నవ్వింది.

ఆ నవ్వులో బెంగమ్మ కలవలేకపోయింది. ఈ రోజుల్లో తను ఈ మనిషి ముందు గ్లాసు పెట్టిన తీరు, పిలిచినా వినపడనట్టు పోయిన తీరు, ఇందాక గోడకేసి తిరిగి విసిరిన మాట, ఒక్కొక్కటే వచ్చి గుచ్చుకున్నాయి.

"నాతో అయినా చెప్పొచ్చుగా అత్తయ్యా."

"నీతోనా? నువ్వు మనసులో మాట దాచుకోగలవా తల్లీ? నీ మొహం చూస్తే పాలవాడికి కూడా తెలిసిపోతుంది ఇంట్లో ఏమైందో. అయినా ఊరికే చెప్పకుండా ఉండలేదు. ఊరేగింపు నుంచి ఎంత సంతోషంగా వచ్చావో పక్కింటావిడ చెప్పింది. పెళ్ళైన దగ్గర్నుంచి నువ్వు ఒక పని గురించి అంత సంతోషపడ్డం నాకు తెలియదు. అది కూడా ఎందుకు పాడుచెయ్యాలి అనుకున్నా."

బెంగమ్మ ముసలావిడ కంటి కట్టు జారకుండా సర్దింది.

తోటికోడలు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. "రేపు ఆ కమిటీ ముందు ఏమైనా చెప్పుకో. సెంటర్లు కావాలని చెప్పు, నాకూ కావాలి, అందరికంటే నాకే ఎక్కువ కావాలి. కానీ వీడికి ఎక్కడ కాలిందో మాత్రం నీ నోట రాకూడదు. మా ముగ్గురి అన్నం అది. మాటివ్వు."

"ఇచ్చాను అక్కా."

"ఇంత తొందరగా ఇచ్చావంటే నాకు భయంగా ఉంది" అంది తోటికోడలు. అని, మళ్ళీ కుళాయి తిప్పింది.

*

సోమవారం పొద్దున బస్సులో పెద్దటీచర్ పక్క సీటు పట్టి ఉంచింది. నెరిసిన జుట్టు, భుజానికి ఎప్పుడూ వేలాడే గుడ్డసంచి. ఊళ్ళు తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. చిట్టిని సెంటర్‌లో ఇంకో ఆయాకి అప్పజెప్పి వచ్చింది బెంగమ్మ. చంక ఖాళీగా ఉంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

"నిద్రపోలేదా?" అంది టీచర్.

"టీచర్, ఊరేగింపు రోజు సెంటర్లన్నీ మూసెయ్యకుండా ఉండాల్సింది కదూ? సగం మంది ఉండిపోయి, సగం మంది వస్తే..."

టీచర్ కిటికీలోంచి వెనక్కి పోతున్న కరెంటు స్తంభాలు చూస్తూ కూర్చుంది.

"నేను ఆ మాటే అన్నాను మీటింగులో. గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి. ఆ మీటింగు బెంగమ్మకి అడుగడుగునా గుర్తుంది. అన్ని జిల్లాలవాళ్ళూ వచ్చారు. సగం మంది పిల్లల దగ్గర ఉండాలి అని టీచర్ అంటే, వెనక వరసలోంచి తనే లేచింది. జీవితంలో మొదటిసారి అంతమందిలో లేచింది. "సగం తలుపు తెరిచి ఉంచితే మన విలువ ఎవరికి తెలుస్తుంది టీచర్? రాష్ట్రమంతా ఒకేరోజు తాళం పడితే, సెంటర్ లేకపోతే ఏమవుతుందో అప్పుడు తెలుస్తుంది అందరికీ" అంది. తర్వాత చప్పట్లు. తొమ్మిదో తరగతి పూర్తి చెయ్యని పిల్ల మాటకి హాలంతా చప్పట్లు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి మొగుడికి ముచ్చటగా చెప్పుకుంది కూడా. ఊరేగింపు ముందురోజు సెంటర్ తలుపుకి తాళం వేస్తుంటే, పాలడబ్బా పట్టుకుని ఒక తల్లి పరుగెత్తుకొచ్చి, రేపు నిజంగానే తెరవరా అని అడిగితే, మీకోసమేనమ్మా అని నవ్వుతూ చెప్పింది.

సెంటర్ లేకపోతే ఏమవుతుందో తెలిసింది. అందరికీ కాదు, పిడుగుకి.

"నాకు తెలుసు అది తప్పని" అంది టీచర్. "ఆ చప్పట్లు చూసి నేనూ ఊరుకున్నాను. ఇన్నేళ్ళుగా జనం కూడటం లేదని మొత్తుకున్నదాన్ని, కూడుతుంటే వద్దనడానికి నోరు రాలేదు. నీ ఒక్కదాని మీద వేసుకోకు." ఆగింది. "ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

బెంగమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపాక, మాటివ్వడం అంటే ఇదన్నమాట అనుకుంది.

"అయితే ఆ రోజు సంగతి వాళ్ళు అడిగితే ముక్తసరిగా చెప్పి వదిలెయ్. కళ్ళజోడు పెట్టుకునే సభ్యుడొకడున్నాడు, మొదట్నుంచీ మనకి అడ్డం. నువ్వు ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే దాన్ని పట్టుకుని మనం అడిగే సెంటర్ల చట్టం మొత్తాన్ని మూలన పడేస్తాడు. మళ్ళీ ఇంత జనాన్ని లేపాలంటే నా వయసు చాలదు."

*

కమిటీ గది చల్లగా, చెక్క వాసనతో ఉంది. వంగిన పొడుగాటి బల్ల, దాని వెనక సభ్యులు, ఒక్కొక్కరి ముందు మూతపెట్టిన నీళ్ళగ్లాసు. మధ్యలో అధ్యక్షుడు, మనిషి నెమ్మదస్తుడు, నిద్ర చాలనట్టున్న కళ్ళు. ఒకపక్క టీచర్లు, నర్సులు కూర్చున్నారు. ఇంకోపక్క కంపెనీలవాళ్ళు. కొత్త చట్టం వస్తే ప్రతి కంపెనీ పిల్లలకొక గది ఇవ్వాలి కాబట్టి వాళ్ళనీ పిలిచారు. వాళ్ళలో చివరి కుర్చీలో ఉన్నాయన్ని బెంగమ్మ గుర్తుపట్టింది. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన రోజు గేటు దగ్గర చూసింది, తోటికోడలు పనిచేసే కుట్టు కంపెనీ మేనేజరు. ఫోన్ చూసుకుంటున్నాడు.

మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. బెంగమ్మ మాట్లాడింది. గోడ ముందు మర్చిపోయిన మాటలు కూడా వాటంతటవే వచ్చాయి. పిల్లలు ఆటలో ఏం నేర్చుకుంటారో చెప్పింది, మాట రాని పిల్లవాడు పక్క పిల్లల్ని చూసి మాట తెచ్చుకున్న సంగతి చెప్పింది, పిల్లని ఎక్కడో వదిలిన తల్లి చేతులు పనిచేస్తున్నా మనసు పనిచెయ్యదని చెప్పింది. అధ్యక్షుడు రాసుకున్నాడు. తెల్లచీర కట్టుకున్న సభ్యురాలు కళ్ళద్దుకుంది. పెద్దటీచర్ ఊపిరి వదలడం వెనక నుంచి వినపడింది.

"బాగా చెప్పారు" అన్నాడు కళ్ళజోడు సభ్యుడు. "ఒక చిన్న సందేహం. మీరంతా ఊరేగింపుకొచ్చిన రోజు ఆ పిల్లల్ని ఎవరు చూసుకున్నారు?"

"సెంటర్లు మూసేశామండీ."

"రాష్ట్రమంతా?"

"రాష్ట్రమంతా."

"పిల్లల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళలో ఆ ఆలోచన ఎవరికొచ్చిందో తెలుసుకోవచ్చా?"

"నాకేనండీ" అంది బెంగమ్మ.

బల్ల వెనక కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెల్లచీర సభ్యురాలికి జాలేసినట్టుంది. మైకు దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లకి దారి చూపించినట్టు మెత్తగా అడిగింది.

"ఒక్కరోజేగా. తల్లులు ఎలాగో చూసుకునే ఉంటారు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు కదమ్మా?"

అవునండీ అంటే అయిపోతుంది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ చేయి చాపి నిలబడ్డట్టుంది. అక్క పని నిలబడుతుంది, టీచర్ ఇన్నేళ్ళ కష్టం నిలబడుతుంది, ప్రతి వీధిలో తలుపు తెరుచుకుంటుంది. పిడుగు చెయ్యి ఒక్కటే ఎక్కడా లెక్కలో ఉండదు. ఆ రోజు నోరు నొక్కినట్టే, ఇప్పుడు పిన్ని ఇంకోసారి నొక్కినట్టవుతుంది.

"అయ్యిందండీ" అంది.

వెనక కుర్చీ కిర్రుమంది. టీచర్‌ది.

"మా ఇంటి పిల్లాడికే. మూడేళ్ళు. చెయ్యి కాలింది. వేళ్ళు మళ్ళీ మామూలుగా తెరుచుకుంటాయో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. నేను తాళం వెయ్యకపోతే వాడు ఆ రోజు నా దగ్గరే ఆడుకుంటూ ఉండేవాడు."

కళ్ళజోడు సభ్యుడు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకి కావలసింది దొరికింది. కానీ అధ్యక్షుడు కలం కింద పెట్టేశాడు. ఆ నిద్రకళ్ళు ఇప్పుడు పూర్తిగా తెరుచుకున్నాయి.

"ఎక్కడ కాలిందమ్మా?"

"కుడి చెయ్యండీ" అంది బెంగమ్మ గబగబా.

"అది కాదు. ఏ చోట జరిగిందని అడుగుతున్నా. ఇంట్లోనా, ఇంకెక్కడైనానా? పిల్లాడు ఎవరి దగ్గర ఉన్నాడు? నిదానంగా చెప్పండి, తొందరేం లేదు. మీరు చెప్పేదంతా రికార్డులోకి వెళ్తుంది."

కంపెనీలవాళ్ళ వరస చివర, అప్పటిదాకా ఫోన్‌లోకి తల దూర్చుకున్న మేనేజరు నెమ్మదిగా తలెత్తి, ఈ మొహాన్ని ఎక్కడ చూశానా అన్నట్టు బెంగమ్మ వైపు చూశాడు.